గన్నేరు కొమ్మలు కత్తిరించిన రోజే అసలు జాగ్రత్త

కడియం నర్సరీలకు వెళ్తే చేతులు ఊరుకోవు. సైకస్ (ఈతచెట్టులా కనిపించే అలంకార మొక్క), ఎడారి గులాబీ, ఎర్ర గన్నేరు ఆటోలో వేసుకొచ్చాను. మూడూ విషపు మొక్కలే, ఇంట్లో కుక్కపిల్ల ఉందన్న సంగతి కుండీలు దించాక గుర్తొచ్చింది!

పచ్చి ఆకుకే అందరూ భయపడతారు. గన్నేరు ఆకు ఎండినా విషం పోదు. చేదు తగ్గడంతో పశువులు ఇంకా సులువుగా తినేస్తాయి. అందుకే కత్తిరించిన కొమ్మలను కాలువ గట్టున పడేయకండి, మేకలూ గేదెలూ మేసేది అక్కడే. కాల్చినా పొగ మంచిది కాదు. ఇంటి చెత్తలోనూ విడిగా, మూట కట్టి ఇవ్వండి. ఎడారి గులాబీ విషం కూడా అలాంటిదే, గుండెను దెబ్బతీస్తుంది.

సైకస్ మరీ మోసకారి. ఆడచెట్టుకు కాసే నారింజ రంగు గింజలు కుక్కకు ఆడుకునే గోళీల్లా ఉంటాయి. ఒకటి రెండు నమిలినా కాలేయం పాడవుతుంది. మాది డాబా ఎక్కేసింది. వాకిట్లో ఇప్పుడు మందారం, గులాబీ ఉన్నాయి, వాటితో బెంగ లేదు.

ఒకవేళ నమిలితే ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడకండి. ఆ ఆకో గింజో సంచిలో వేసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి.