ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ మాత్రలను మానుకునే పద్ధతి

కుంగుబాటుకూ ఆందోళనకూ మన దేశంలో తరచుగా రాసే మాత్రల్లో ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ కలిసినది ఒకటి. దాన్ని సగానికి విరిస్తే రెండు మందులూ ఒకేసారి సగమవుతాయి, ఏ ఇబ్బంది దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడం కష్టమవుతుంది. అందువల్ల వాటిని విడివిడి మాత్రలుగా రాయమని మొదట వైద్యుణ్ణి అడగాలి. ఏది ముందు తగ్గించాలో ఆయనే నిర్ణయించాలి.

క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి ఆందోళన తగ్గించే మందులను కొన్ని వారాలకు మించి రోజూ వేసుకున్నవారు ఒక్కసారిగా ఆపరాదు. ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, చెమటలే కాక, ప్రాణం మీదికి తెచ్చే ఫిట్స్ కూడా రావచ్చు. సాధారణంగా అప్పటి మోతాదులో 5 నుంచి 10 శాతం చొప్పున, 2 నుంచి 4 వారాలకొకసారి తగ్గించడంతో మొదలుపెట్టి, శరీరం తట్టుకునే తీరును బట్టి వేగాన్ని మారుస్తారు. ఏళ్ల తరబడి వాడినవారికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఈ కాలంలో నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయించడం ప్రమాదకరం.

ఎస్సిటాలోప్రామ్ విషయంలో చిక్కు చివర్లో వస్తుంది. తక్కువ మోతాదు కూడా మెదడులో సెరటోనిన్ అనే రసాయనం‌పై చాలా వరకు పనిచేస్తుంది కాబట్టి, 10 మిల్లీగ్రాముల నుంచి 5కు దిగినప్పటి కంటే 5 నుంచి సున్నాకు దిగినప్పుడు కలిగే మార్పు ఎంతో పెద్దది. అందుకే మోతాదు తగ్గే కొద్దీ తగ్గింపు కూడా చిన్నదవుతూ రావాలి. మాత్రను అంత సన్నగా విరవడం సాధ్యం కాదు కనుక ద్రవరూపంలో దొరుకుతుందేమో అడగాలి. రోజు విడిచి రోజు వేసుకోవడం చాలామంది పాటించే ఉపాయమే గానీ, దానివల్ల రక్తంలో మందు స్థాయి ఎగుడుదిగుడవుతుంది కాబట్టి నేను దాన్ని సూచించను.

తగ్గించిన కొద్ది రోజుల్లోనే తల తిరగడం, వికారం, చిరాకు, స్పష్టమైన కలలు, తలలో కరెంటు షాక్ కొట్టినట్లుండటం మొదలైతే అవి చాలావరకు మందు తగ్గడం వల్ల వచ్చినవే. పాత జబ్బు తిరగబెట్టడమైతే సాధారణంగా వారాలు, నెలల తరువాత మెల్లగా బయటపడుతుంది, అందులో ఈ షాకులు ఉండవు. ఈ తేడా తెలియక, జబ్బు మళ్లీ వచ్చిందని జీవితాంతం మందు వాడాలనుకునేవారున్నారు. మోతాదు మార్చిన తేదీనీ లక్షణాలనూ క్యాలెండరులో రాసుకుంటే వైద్యుడికి పోల్చి చూడటం తేలికవుతుంది.

ఇంట్లో పెళ్లి, పరీక్షలు, ఉద్యోగ మార్పు ఉన్న నెలలో తగ్గింపు మొదలుపెట్టకండి. మందులకు అలవాటుపడిపోతావని బంధువులు తొందరపెట్టినా సరే. లక్షణాలు భరించలేనంతగా ఉంటే వైద్యునితో మాట్లాడి, అంతకుముందు కుదురుగా ఉన్న మోతాదుకు తిరిగి వెళ్లి, కుదుటపడ్డాక మరింత చిన్న మెట్టుతో ప్రయత్నించవచ్చు. ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపించినా, వినిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే ఇంట్లో ఎవరికైనా వెంటనే చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో కూడా, రాత్రింబవళ్లు ఉచితంగా అందుబాటులో ఉంటుంది.