అమెరికా నుంచి కెనడా మారుతున్నారా? 401కె ముట్టుకునే ముందు ఇవి చూసుకోండి

హెచ్1బి ఆరేళ్లు దాటిపోయి, గ్రీన్ కార్డు లైను ఎప్పటికి కదులుతుందో తెలియక టొరంటోకో వాంకూవర్‌కో మారిపోతున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. 2023 జులైలో హెచ్1బి వాళ్ల కోసం కెనడా ఓపెన్ వర్క్ పర్మిట్ పెడితే 10,000 దరఖాస్తులు రెండో రోజుకే నిండిపోయాయి. అద్దె ఇల్లు, కారు, పిల్లల స్కూలు గురించి నెలల తరబడి వాకబు చేస్తారు గానీ 401కె (అమెరికా కంపెనీ ద్వారా జీతంలోంచి పోగేసే రిటైర్మెంట్ ఖాతా) దగ్గరికొచ్చేసరికి "రెండు దేశాల గొడవ మనకెందుకు, తీసేసుకుని పోదాం" అనేస్తారు. ఆ తొందరకి ఎంత ఖర్చవుతుందో ముందు లెక్కేసుకోండి.

అన్నిటికంటే ముందు ఖాయం చేసుకోవాల్సింది ఒక తేదీ. పన్ను కోసం మీరు కెనడా రెసిడెంట్ ఎప్పుడయ్యారన్నది పీఆర్ (శాశ్వత నివాస) కార్డు మీద ఉన్న తేదీని బట్టి తేలదు, మీ కాపురం ఎక్కడుందన్న దాన్ని బట్టి తేలుతుంది. భార్యాపిల్లలు ఆగస్టులో బ్రాంప్టన్‌లో ఇల్లు తీసుకుని దిగిపోయి, మీరు మాత్రం ప్రాజెక్టు ముగిసేదాకా డిసెంబర్ వరకు డాలస్‌లో ఉంటే, కెనడా పన్ను శాఖ సీఆర్ఏ ఆగస్టు నుంచే లెక్కేయొచ్చు. రెండు దేశాలూ మిమ్మల్ని మా మనిషే అంటే, వాటి మధ్య ఉన్న పన్ను ఒప్పందం వరుసగా చూస్తుంది: శాశ్వత నివాసం ఎక్కడ, కుటుంబ, ఆర్థిక సంబంధాలు ఎక్కడ ఎక్కువ, మామూలుగా ఎక్కడ ఉంటారు. కాబట్టి లీజు కాగితం, విమానం టికెట్, స్కూల్ అడ్మిషన్ లాంటివన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

ఆ తేదీ ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. రెసిడెంట్ అయిన రోజున మీ దగ్గరున్న షేర్లన్నీ ఆ రోజు ధరకే కొన్నట్టు కెనడా లెక్కేస్తుంది. 20 డాలర్లకి కొన్న షేరు మీరు దిగేనాటికి 120 ఉండి, తర్వాత 130కి అమ్మారనుకోండి, కెనడాలో లాభం 10 డాలర్లే. అందుకే ఆ రోజు బ్రోకరేజీ స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దించి పెట్టుకోండి, మూడేళ్ల తర్వాత వెతుక్కోవడం చాలా కష్టం. ఆర్ఎస్‌యూలు (కంపెనీ ఇస్తానని ఇంకా చేతికివ్వని షేర్లు) మాత్రం ఈ లెక్కలోకి రావు, అవి జీతం కిందికే వస్తాయి.

ఇక 401కె. అక్కడే వదిలేస్తే ఏమీ కాదు. లోపల పెరిగే డబ్బు మీద కెనడా ఏటా పన్ను వేయదు, తీసుకున్నప్పుడే వేస్తుంది. మామూలు ఐఆర్ఏ (కంపెనీతో సంబంధం లేకుండా మీరే తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా) కూడా అంతే. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో సంపాదించిన డబ్బు కదా, ఆ రాష్ట్రం వెంటపడుతుందేమో అని కొందరికి టెన్షన్. రాష్ట్రం వదిలి వెళ్లిపోయిన వాళ్ల రిటైర్మెంట్ డబ్బు మీద పాత రాష్ట్రం పన్ను వేయకుండా 1996 నుంచి ఫెడరల్ చట్టమే ఉంది.

తీసేస్తే ఏమవుతుందో చూడండి. 35 ఏళ్ల మనిషి, ఒంటారియోలో ఏడాదికి 1,10,000 కెనడా డాలర్ల జీతం. అమెరికా ఖాతా నుంచి 40,000 అమెరికన్ డాలర్లు ఒకేసారి తీశారు. విడతలవారీగా వచ్చే పెన్షన్‌కైతే ఒప్పందం ప్రకారం 15 శాతమే పట్టుకోవాలి, ఒకేసారి తీసుకుంటే ఆ పరిమితి ఉండదు, 30 శాతం పట్టుకోవచ్చు, అంటే 12,000. 59½ నిండలేదు కాబట్టి 10 శాతం పెనాల్టీ, ఇంకో 4,000. ఇటు కెనడాలో ఆ మొత్తమంతా మీ జీతం మీదికెక్కి కూర్చుంటుంది, అందులో ఎక్కువ భాగం మీద ఒంటారియోలో ఫెడరల్, ప్రావిన్స్ పన్ను కలిపి దాదాపు 43 శాతం పడుతుంది. అమెరికాలో కట్టిన పన్నుకి కెనడాలో క్రెడిట్ వస్తుంది కాబట్టి రెండుసార్లు పూర్తిగా కట్టక్కర్లేదు, అయినా రెండిట్లో ఎక్కువది మీకు తప్పదు: 40,000లో 17,000కి పైగా పోయినట్టే. తీయడం తప్పనిసరైతే కెనడా రెసిడెంట్ కాకముందే తీయండి, అప్పుడు అమెరికా పన్ను, పెనాల్టీతో పోతుంది. తప్పనిసరి కాకపోతే ముట్టుకోకండి, నా మాట ఇదే.

ఆ డబ్బుని కెనడా రిటైర్మెంట్ ఖాతా ఆర్ఆర్ఎస్పీలోకి మార్చొచ్చని చాలామంది చెబుతారు. నిజమే, కెనడా రెసిడెంట్ కాకముందు చేసిన ఉద్యోగానికి వచ్చిన 401కె మొత్తాన్ని, మీకున్న ఆర్ఆర్ఎస్పీ పరిమితితో సంబంధం లేకుండా వేసుకోవచ్చు. కానీ దాన్ని ట్రాన్స్‌ఫర్ అనుకోకండి. అమెరికా ముందు తన వాటా పట్టుకునే ఇస్తుంది, పట్టుకున్నంత మొత్తాన్ని మీరు జేబులోంచి పూడ్చి పూర్తిగా వేయాలి, ఆపైన ఆ పట్టుకున్న పన్ను మొత్తానికీ క్రెడిట్ రావాలంటే కెనడాలో మీకు అంత పన్ను పడుతుండాలి. జీతం బాగా ఉండి, చేతిలో నగదు ఉన్నవాళ్లకే ఇది కలిసొస్తుంది.

అమెరికా వదిలే ముందు 401కె బ్యాలెన్స్ చూసుకోండి. 7,000 డాలర్ల లోపు ఉంటే పాత కంపెనీ మిమ్మల్ని అడక్కుండానే ప్లాన్‌లోంచి బయటికి పంపేసే వీలుంది, కాబట్టి ముందే మీరే ఐఆర్ఏలోకి మార్చుకోండి. తర్వాత అడ్రస్ కెనడాదే ఇచ్చి, మీరు అమెరికా పన్ను రెసిడెంట్ కాదని చెప్పే డబ్ల్యూ-8బెన్ ఫారం నింపండి. టెక్సస్‌లో ఉన్న ఫ్రెండు అడ్రస్ పెట్టి వదిలేయడం మనవాళ్లకి అలవాటు. కెనడా అడ్రస్ ఇస్తే కొన్ని బ్రోకరేజీలు ఖాతాలో కొనడం, అమ్మడం ఆపేస్తాయన్న భయంతో చేస్తారు, అర్థం చేసుకోగలను. కానీ తప్పుడు అడ్రస్ ఉన్నంతకాలం ఒప్పందం రేట్లు మీకు రావు, అమెరికా నుంచి వచ్చే పన్ను కాగితాలు మీ చేతికి అందవు. మీ బ్రోకరేజీ పద్ధతేంటో వెళ్లే ముందే అడిగి, అవసరమైతే వేరేచోటికి మార్చుకోండి.

రాత్ ఐఆర్ఏ (పన్ను కట్టేసిన డబ్బు వేసే ఐఆర్ఏ) ఉన్నవాళ్లు మాత్రం ఈ పేరా రెండుసార్లు చదవండి. కెనడా దాన్ని కూడా పన్ను లేకుండా వదిలేస్తుంది, కానీ మీరు అడగాలి. తొలి ఏడాది రిటర్ను గడువులోపు, అంటే మామూలుగా మరుసటి ఏప్రిల్ 30 లోపు, ప్రతి రాత్ ఖాతాకీ ఒక ఉత్తరం సీఆర్ఏ కాంపిటెంట్ అథారిటీ విభాగానికి పంపాలి: పేరు, కెనడా సిన్ నంబరు, అమెరికా సోషల్ సెక్యూరిటీ నంబరు, ఖాతా నంబరు, రెసిడెంట్ అయిన తేదీ, ఆ రోజు బ్యాలెన్స్. ఆ తర్వాత ఆ ఖాతాలో ఒక్క డాలరు కూడా వేయొద్దు, మామూలు ఐఆర్ఏ నుంచి రాత్‌కి మార్చొద్దు. మార్చాలనుంటే దిగక ముందే కానిచ్చేయండి. హెచ్ఎస్ఏని (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా పోగేసే అమెరికా ఖాతా) కెనడా అసలు గుర్తించదు, వీలైతే వెళ్లే ముందే మెడికల్ బిల్లులకి వాడేయండి.

మనవాళ్లు పూర్తిగా మర్చిపోయేది సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా ప్రభుత్వ పెన్షన్. పెన్షన్‌కి 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి 4కి మించి రావు, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో (చదువుకి తగ్గ ఉద్యోగానికిచ్చే తాత్కాలిక అనుమతి) పనిచేసిన కాలానికి మామూలుగా ఏమీ రావు. ఏడేళ్లు పనిచేస్తే 28. అమెరికాకీ ఇండియాకీ ఈ విషయంలో ఒప్పందం లేదు కాబట్టి హైదరాబాద్ తిరిగొచ్చేస్తే ఆ 28తో పెన్షన్ రాదు. అమెరికాకీ కెనడాకీ మాత్రం 1984 నుంచి ఉంది. కనీసం 6 క్రెడిట్లుంటే, అర్హత కోసం కెనడాలో చేసిన ఏళ్లని కూడా కలుపుతారు, అమెరికాలో చేసినంత మేరకి పెన్షన్ వస్తుంది. కెనడాలో ఉండి తీసుకుంటే అమెరికా పన్ను పట్టదు, కెనడా 85 శాతం మీదే వేస్తుంది. ఏళ్ల తరబడి కట్టిన డబ్బు అది, వదులుకోకండి. అమెరికాలో ఉండగానే ఆన్‌లైన్ ఖాతా తెరిచి స్టేట్‌మెంట్ దించుకోండి. కెనడాకీ ఇండియాకీ మధ్య కూడా 2015 ఆగస్టు నుంచి ఇలాంటి ఒప్పందం ఉంది, ఈపీఎఫ్ పెన్షన్ ఏళ్లున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి.

రెండో ఏడాది నుంచి కెనడాలో టి1135 అనే ఫారం వస్తుంది. విదేశాల్లో ఉన్న ఆస్తి కొన్న ఖరీదు లక్ష కెనడా డాలర్లు దాటితే చూపించాలి. 401కె, ఐఆర్ఏ ఇందులోకి రావు. అమెరికా బ్రోకరేజీ ఖాతా వస్తుంది, కూకట్‌పల్లిలో అద్దెకిచ్చిన ఫ్లాటూ వస్తుంది, విజయవాడ బ్యాంకులో ఎఫ్‌డీలూ వస్తాయి. మీరు దిగేనాటి విలువే ఇక్కడ "కొన్న ఖరీదు".

కెనడా సరిహద్దు ఊరు విండ్సర్‌లో ఉంటూ రోజూ అమెరికాలోని డెట్రాయిట్ వెళ్లి పనిచేసేవాళ్ల లెక్క వేరు. జీతం మీద పన్ను ముందు అమెరికాకి, మిగతా తేడా కెనడాకి. కంపెనీ 401కెలో మీరు వేసే డబ్బుని కెనడా రిటర్నులో కూడా తగ్గించుకోవచ్చు, దానికి ఆర్‌సీ268 ఫారం. ఇంటి నుంచి పనిచేసిన రోజుల జీతం మాత్రం కెనడాలో చేసిన పని కిందికే వస్తుంది, ఆ రోజులు క్యాలెండర్‌లో రాసుకోండి.

కెనడా నుంచి అమెరికా వెళ్తున్నారా? ఆర్ఆర్ఎస్పీ అక్కడే ఉంచండి, అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ 2014 నుంచి దానికి ఫారం కూడా అడగకుండా పన్ను వాయిదా ఇస్తోంది, కాలిఫోర్నియా రాష్ట్రం మాత్రం ఒప్పుకోదు, లోపలి రాబడి మీద ఏటా వేస్తుంది. టీఎఫ్ఎస్ఏని (రాబడి మీద కెనడా పన్ను వేయని పొదుపు ఖాతా) అమెరికా గుర్తించదు, వెళ్లే ముందే మూసేయండి. ఇల్లు కొనడానికి ఆర్ఆర్ఎస్పీలోంచి హోమ్ బయ్యర్స్ ప్లాన్ కింద తీసి ఉంటే, దేశం వదిలిన 60 రోజుల్లో తిరిగి కట్టకపోతే మిగిలినదంతా ఆదాయం అయిపోతుంది. కెనడా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 అమెరికన్ డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకి చెప్పే ఫారం) వేయాలి, ఆర్ఆర్ఎస్పీ కూడా అందులోకే వస్తుంది.

అమెరికాలో పుట్టిన పిల్లలు కెనడాలో పెరిగినా అమెరికా పౌరులే. 18 నిండగానే బ్యాంకు వాళ్లు టీఎఫ్ఎస్ఏ తెరవమంటారు, క్లాసులో అందరూ తెరుస్తారు కూడా. వీళ్లకి మాత్రం దాని రాబడి మీద అమెరికా పన్ను పడుతుంది. సంపాదన మొదలయ్యాక ముందు ఆర్ఆర్ఎస్పీ నింపించండి, దాన్ని రెండు దేశాలూ గుర్తిస్తాయి.