గోల్ఫ్ గేమ్‌లో బంతి పక్కకు పోతోందా? తప్పు చేతిదా, కంప్యూటరుదా

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బామ్మర్ది కంప్యూటరులో ఆడే గోల్ఫ్ గేమ్ కొన్నాడు. నాలుగో రోజే ఫోను. "బావా, ఎంత నిదానంగా కొట్టినా బంతి కుడికే పోతోంది. నా చేతికి ఇది రాదులే, ఎవరికైనా ఇచ్చేస్తా."

మా ఇద్దరిలో ఎవరమూ అసలు గోల్ఫ్ కర్ర పట్టినవాళ్లం కాదు. కాకపోతే నేను విజయవాడ సత్యనారాయణపురంలో మేడ మీద గదిలో కూర్చుని పీజీఏ టూర్ 2కె అనే గోల్ఫ్ గేమ్ సిరీస్ కొన్నేళ్లుగా ఆడుతున్నాను. నా చెయ్యి మంచిది కాదని ఏడాది పాటు నేనూ అనుకున్నవాణ్ణే. అందుకే వాడికి ముందు చెప్పింది ఒక్కటే: ప్రాక్టీస్ రేంజ్‌లోకి వెళ్లు, ఒకే క్లబ్‌తో, అంటే ఒకే కర్రతో, పది బంతులు కొట్టు, ఎటు పోయిందో కాగితం మీద రాసుకో.

పదిలో తొమ్మిది ఒకే వైపు, దాదాపు ఒకే దూరంలో పడితే చేతిని తిట్టుకోకండి. మనిషి చెయ్యి అంత పద్ధతిగా తప్పు చెయ్యదు. అటు నాలుగు, ఇటు ఆరు పడితే చెయ్యి కావచ్చు, తెర మీద వరసగా మారే బొమ్మలు, అదే ఫ్రేములు, తడబడుతూ ఉండొచ్చు. మొదటి నాలుగు హోల్స్ బాగా ఆడి ఆ తర్వాత చెడితే అది కంప్యూటరు వేడి.

ప్రతిసారీ ఒకే వైపు పోతోంది

బామ్మర్ది కాగితంలో పదికి పదీ కుడివైపే. "దేంట్లో చూస్తూ ఆడుతున్నావురా?" అంటే "హాల్లో టీవీకి కలిపాను బావా, పెద్దగా కనిపిస్తుందని" అన్నాడు. దొరికింది దొంగ.

టీవీ తనకొచ్చిన బొమ్మకు మెరుగులు దిద్ది గానీ చూపించదు. సినిమాకు ఇబ్బంది లేదు. ఆటలో మాత్రం స్వింగ్ వేగం చూపే మీటర్ గీత గుర్తు మీదకు వచ్చిందని మీరు నొక్కేసరికి లోపల అది దాటిపోయి ఉంటుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. కొన్ని పాత టీవీల్లో ఈ ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటుతుంది, అంటే ఆరు ఫ్రేములు. 2కె సిరీస్‌లో కుడిచేతి ఆటగాడికి కర్రను కిందికి దించే స్వింగ్ నెమ్మదైతే బంతి కుడికి, తొందరైతే ఎడమకు తిరుగుతుంది. మా వాడు నెమ్మదిగా లేడు, టీవీ వాణ్ణి నెమ్మదిగా చూపించింది.

టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి, ఆ మెరుగులు తగ్గి ఆలస్యం తగ్గుతుంది. కంట్రోలర్ బ్లూటూత్ మీద ఉంటే వైరు పెట్టండి. ఆటలో వీ-సింక్ (ఫ్రేములను తెర లయకు కలిపే సెట్టింగు) తీసేసి, ఫ్రేములు సెకనుకు 60 దాటకుండా కట్టెయ్యండి. ఇవన్నీ అయ్యాకే గేమ్‌లో ఉండే స్వింగ్ క్యాలిబ్రేషన్‌కి, అంటే మీ స్వింగ్ వేగాన్ని ఆట కొలుచుకునే చోటికి, వెళ్లండి. ముందే చేస్తే టీవీ ఆలస్యాన్ని కూడా కలిపి కొలుస్తుంది, తర్వాత మానిటర్‌కి మారినరోజు బంతి ఎడమకు పోవడం మొదలవుతుంది. నేను సరిగ్గా ఆ తప్పే చేసి రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను.

మౌస్‌తో ఆడుతుంటే వంకరగా పోతోంది

దీనికి చక్కటి పరీక్ష ఉంది. విండోస్‌లో బొమ్మలు గీసే పెయింట్ తెరిచి, స్వింగ్ చేసినట్టే మౌస్‌ను కిందికి లాగి ఒక్క ఊపున పైకి నెట్టండి. అలా పది గీతలు. నావి చూస్తే పదీ కొడవలిలా ఎడమకు వంగి ఉన్నాయి. మణికట్టు ఒక చోట ఆనించి తిప్పితే గీత తిన్నగా రాదు, వృత్తంలో ముక్కే వస్తుంది. మణికట్టు లేపి మోచేతి నుంచి లాగితే నాలుగో రోజుకల్లా తిన్నబడింది.

విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అని ఒక టిక్కు ఉంటుంది. తీసెయ్యండి. పేరు చూస్తే మేలు చేసేదిలా ఉంటుంది గానీ, చెయ్యి వేగంగా కదిపితే బాణం గుర్తును ఇంకా ఎక్కువ దూరం నెట్టడమే దాని పని. కొన్ని ఆటలు దీన్ని పట్టించుకోవు, అయినా తీసెయ్యడంలో నష్టం లేదు. బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద మాత్రం మౌస్ ఆడించకండి, చిన్నదైనా ప్యాడ్ వెయ్యండి.

గురి దానంతట అదే జరుగుతోంది

కంట్రోలర్ పుల్ల (స్టిక్) ముట్టుకోకపోయినా గురి పక్కకు పాకుతుంటే, పుల్ల అడుగున ఉండే భాగం అరిగిందన్నమాట. విండోస్ సెర్చ్‌లో 'సెటప్ యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్' అని కొట్టి, ప్రాపర్టీస్ తెరవండి. చెయ్యి తీసేస్తే ప్లస్ గుర్తు నడిమధ్యకు రావాలి. రాకపోతే మొదట డెడ్‌జోన్ (పుల్ల కాస్త కదిలినా ఆట పట్టించుకోని మేర) కొంచెం పెంచి చూడండి. మరీ పెంచితే బంతిని గుంతలోకి మెల్లగా దొర్లించే పుటింగ్ దెబ్బతింటుంది. దుమ్మే అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి గుండ్రంగా తిప్పితే కొన్నాళ్లు పనిచేస్తుంది. అరిగిపోతే ఆ ముక్క మార్చాల్సిందే, సోల్డరింగ్ బాగా వచ్చిన సెల్‌ఫోన్ రిపేరు షాపువాళ్లెవరైనా చేస్తారు. కొత్తది కొనేవాళ్లు హాల్ ఎఫెక్ట్ పుల్లలున్నది అడగండి, అయస్కాంతంతో పనిచేస్తాయి కాబట్టి రాపిడికి అరగవు.

ఒక్కసారి నొక్కితే మెనూ రెండు గడులు దూకుతోందంటే అది వేరే కథ. ఆటలు కొని ఆడుకునే స్టీమ్ యాప్ ఒకసారి, ఆట ఒకసారి అదే నొక్కుడును అందుకుంటున్నాయి. స్టీమ్‌లో ఆ ఆట ప్రాపర్టీస్, కంట్రోలర్, అక్కడ స్టీమ్ ఇన్‌పుట్ డిసేబుల్. అంతే.

మొదట బాగుండి, పోను పోను తడబడుతోంది

బెజవాడలో మే నెల అంటే చెప్పేదేముంది. మేడ మీద గది, మధ్యాహ్నం మూడు గంటలు, ల్యాప్‌టాప్ అడుగు చెయ్యి పెడితే పెనంలా కాలుతుంది. చిప్పు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఫ్రేములు పడిపోతాయి, నిన్నటి లయలోనే కొట్టినా మీటర్ మీకు అందదు.

వెనక భాగం కింద రెండు పుస్తకాలు పెట్టి లేపండి. పరుపు మీద పెట్టి ఆడకండి. ఫ్యాను దుమ్ము తీయించండి, రెండేళ్లు దాటితే చిప్పు మీది వేడిని లాగే పేస్టు కూడా మార్పించండి. గ్రాఫిక్స్‌లో నీడలు, గడ్డి, చెట్లు తగ్గించండి. గోల్ఫ్ గేమ్‌లో బరువంతా ఆ పచ్చదనానిదే.

కొన్ని ల్యాప్‌టాపుల్లో గ్రాఫిక్స్ కార్డు ఉండి కూడా ఆట దాని మీద నడవదు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్‌కి వెళ్లి, ఆ ఆటకు 'హై పెర్ఫార్మెన్స్' పెట్టండి. ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యండి. ఈ మాట మా వాడికి ఫోన్లో చెప్పి ఊరుకున్నాను. మర్నాడు "చేశాను బావా, ఇంకా అలాగే ఉంది" అన్నాడు. తీరా చూస్తే గోల్ఫ్‌లో డ్రైవర్ అనే పొడవాటి కర్ర ఒకటుంది, ఆటలో పాయింట్లు పోసి అది కొత్తది కొన్నాడు!

కరెంటు పోగానే ఆట మారిపోతోంది

ఆటలో అమెరికాలోని సాగ్రాస్ గోల్ఫ్ కోర్సు ఉంది, అందులో 17వ హోల్. 137 గజాలే, కానీ గుంత ఉండే నున్నటి గడ్డి, అదే గ్రీన్, చుట్టూ నీళ్లు. గాలి చూసుకుని, ఊపిరి బిగబట్టి స్వింగ్ వెనక్కి లాగాను. ఆ క్షణాన ఫ్యాను ఆగింది. బంతి నీళ్లలో పడింది. కరెంటు పోవడంతో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకు మారి గ్రాఫిక్స్ వేగం తగ్గించుకుంది. ఎన్విడియా ఉన్నవాటిలో బ్యాటరీ బూస్ట్ అనేది ఉంటే అది ఫ్రేములను 30కి కట్టెయ్యగలదు. అది ఆపెయ్యొచ్చు గానీ బ్యాటరీ ఇట్టే అయిపోతుంది. నేనైతే ఛార్జరును ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గుకు మార్చుకున్నాను.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బంతికి దూరం మాత్రం చాలట్లేదు

ఇక్కడ కంప్యూటరు తప్పేం లేదు. ఎత్తు చూడట్లేదు మీరు. గ్రీన్ మూడు అడుగులు పైనుంటే దూరానికి ఒక గజం కలపాలన్నది మోటు లెక్క. 150 గజాల షాట్, 15 అడుగుల ఎత్తు అంటే 155 కొట్టాలి. ఎదురుగాలి నష్టం, వెనకగాలి లాభం సమానం కావు, ఎదురుగాలే ఎక్కువ తినేస్తుంది. బంతి పొడవు గడ్డిలో ఉంటే 2కె ఆటల్లో తెర మీద శాతం కనిపిస్తుంది, 80 శాతం అంటే మీ దెబ్బలో అంతే బంతికి అందుతుందని. పెద్ద క్లబ్ తీయండి.

మా వాడు టీవీలో గేమ్ మోడ్ పెట్టుకున్నాక పది బంతుల కాగితం ఫోటో మళ్లీ పంపాడు. ఆరు మధ్యలో, రెండు ఎడమకు, రెండు కుడికి. కింద రాశాడు, "బావా, ఇప్పుడు తప్పు నాదే కదా?"