ఈ-ఖాతాకి కూర్చునే ముందు పేరు చూసుకోండి

బెంగళూరులో 2024 అక్టోబర్ నుంచి ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరున ఉందో చూపే కార్పొరేషన్ ఆన్‌లైన్ రికార్డు) లేకుండా ఇల్లు గానీ సైటు గానీ రిజిస్టర్ కాదు. ఇంట్లో కూర్చునే అప్లై చేయొచ్చు, అది నిజంగా మంచి మార్పే. కానీ మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర.

మా మామగారికి అదే జరిగింది. సేల్ డీడ్‌లో ఇంటిపేరుకి ఒక్క అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు, పాన్‌లో అదే చివర, పైగా ‘వెంకటేశ్వర్లు’ అన్న పేరుకి ఇంగ్లిషులో ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు. మనిషి చూస్తే ఒకరే అని పోల్చుకుంటాడు, సిస్టమ్ మాత్రం అక్షరాలు చూస్తుంది. డెబ్బై ఏళ్ళ ఆయన సొంత ఇంటి కోసం అన్ని రోజులు నిద్రపోకపోవడం చూసి చాలా బాధేసింది, అందుకే రాస్తున్నా.

ముందు కాగితాలన్నీ ఒకచోట పెట్టి, ప్రతిదాంట్లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి తొందరపడి దాని జోలికి వెళ్ళొద్దు. తేడా ఇనిషియల్ వరకే అయితే రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ రెడీ పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. స్పెల్లింగే తప్పయితే అప్పుడు ఆధార్ మార్పించండి.

ఆధార్‌కి ఏ ఫోన్ నంబరుందో కూడా చూడండి. ఊళ్ళో ఉన్నప్పుడు ఇచ్చిన పాత నంబరైతే ఓటీపీ రాదు, పని అక్కడే ఆగిపోతుంది.

డీడ్ నంబరు, ఆస్తి పన్ను అప్లికేషన్ నంబరు, బెస్కామ్ కరెంటు బిల్లు మీది పది అంకెల అకౌంట్ ఐడీ, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి ఫొటో దగ్గరుంచుకోండి.

డ్రాఫ్ట్ ఖాతాలో కన్నడలో ఉన్న పేరు తప్పకుండా చదవండి. తెలుగు వచ్చినవాళ్ళకి ఆ లిపి కూడబలుక్కుంటే వచ్చేస్తుంది, అయినా ఒత్తుల దగ్గర అనుమానముంటే పక్కింటి కన్నడవాళ్ళకి చూపించండి.

ఆన్‌లైన్‌లో మీవల్ల కాకపోతే బెంగళూరు వన్ అనే ప్రభుత్వ సేవల సెంటరుంది. ఖాతా అనే కాదు, ప్రభుత్వ సేవలు గడువులోగా అందాలనే 2011 నాటి కర్ణాటక సకాల చట్టం కిందకి వచ్చే ఏ సేవకి అప్లై చేసినా 15 అంకెల నంబరు అడిగి తీసుకోండి. గడువు దాటితే రోజుకి 20 రూపాయల చొప్పున 500 వరకు పరిహారం ఉంది. డబ్బు చిన్నదే, కానీ ఆలస్యం ఎందుకైందని అప్పీలు చేయాలంటే ఆ నంబరే కావాలి. వెంటనే ఫొటో తీసి పిల్లల ఫోన్లో కూడా పెట్టండి.