జ్వరం తగ్గాక వదలని నీరసాన్ని డాక్టరుకు ఎలా చెప్పాలి

హైదరాబాద్‌లో వానలు వెనకబట్టేసరికి డెంగీ, చికున్‌గున్యా, ఫ్లూ జ్వరాల నుంచి లేచినవారిలో కొందరికి నెలలు గడిచినా ఒంట్లో సత్తువ రాదు. కీళ్లు పట్టేస్తాయి, గుండె దడదడలాడుతుంది, రాత్రంతా పడుకున్నా నిద్ర తీరదు, నోటిదాకా వచ్చిన మాట జారిపోతుంది. రిపోర్టులన్నీ ‘నార్మల్’ అని వచ్చాక, ఇది ఒంటి జబ్బా, మనసు జబ్బా అన్న వాదన ఇంట్లోనే మొదలవుతుంది.

ఆ వాదన పాతదే. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిబ్బందిలో పెద్ద ఎత్తున వచ్చిన అంతుచిక్కని జబ్బును, 1970లో ఇద్దరు మానసిక వైద్యులు రోగులను చూడకుండానే, పాత కేసు కాగితాలు తిరగేసి సామూహిక హిస్టీరియాగా, అంటే మనసు జబ్బుగా, తేల్చారు. కోవిడ్ తరువాత ఇలాగే వదలని లక్షణాలకు, అంటే కోవిడ్ అనంతర స్థితికి, 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చింది: సాధారణంగా జబ్బు మొదలైన 3 నెలల నాటికి లక్షణాలు కనిపించాలి, కనీసం 2 నెలలు ఉండాలి, వాటికి వేరే కారణం దొరకకూడదు. ఆ చివరి షరతు వల్లనే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, ఈసీజీ ముందుగా చూపించుకోవడం అవసరం. రక్తహీనతో థైరాయిడో బయటపడితే దానికి మందు ఉంది.

డాక్టరు దగ్గర దొరికే పది నిమిషాల్లో ‘నీరసంగా ఉందండీ’ అంటే ఏమీ తేలదు. రెండు వారాల పాటు ఒక నోటుపుస్తకంలో ఆ రోజు చేసిన పని, ఆ రాత్రి ఒళ్లు ఎలా ఉన్నదీ, తరువాతి రెండు రోజులు ఎలా గడిచినదీ రాయండి. ‘మంగళవారం: అమీర్‌పేట మెట్రోలో ఎస్కలేటర్ ఆగిపోతే మెట్లెక్కాను, బాగానే ఉంది. గురువారం: తల దువ్వుకోవడానికి చెయ్యి లేవలేదు.’ నా దృష్టిలో ఈ రెండు వాక్యాలు ఒక ఫైలు నిండా ఉన్న రిపోర్టులతో సమానం, ఎందుకంటే శ్రమ చేసిన ఒకటి రెండు రోజుల తరువాత ఒళ్లు కుప్పకూలడం జ్వరం తరువాత వదలని ఇలాంటి నిస్సత్తువ జబ్బులో ముఖ్యమైన గుర్తు, దాన్ని ఏ రక్తపరీక్షా పట్టదు. అది కనిపించినవారిని ‘రోజూ ఇంకొంచెం నడువు’ అని తరమకూడదు. దీర్ఘకాలిక నిస్సత్తువ జబ్బుకు క్రమంగా వ్యాయామం పెంచే పద్ధతిని బ్రిటన్‌లో వైద్యులకు చికిత్సా సూచనలిచ్చే నైస్ సంస్థ కూడా 2021లో మార్గదర్శకాల నుంచి తీసేసింది. వంటను రెండు విడతలుగా చేసుకోవడం, కూర్చుని కూరలు తరగడం, అలసట రాకముందే ఆగడం మేలు.

కోవిడ్ నాటి ఆక్సీమీటరు అల్మారాలో ఉంటే గుండె దడనూ ఇలాగే కాగితం మీద పెట్టవచ్చు: అయిదు నిమిషాలు పడుకుని నాడి చూసి, తరువాత పక్కన ఒకరిని ఉంచుకుని పది నిమిషాలు గోడకు ఆనుకుని నిలబడి నిమిషనిమిషానికీ రాయండి. పెద్దవారిలో నాడి పడుకున్నప్పటికంటే నిమిషానికి 30 లేదా అంతకుమించి పెరిగి అలాగే నిలిస్తే, ఆ కాగితం డాక్టరుకు చూపండి. కళ్లు తిరిగితే వెంటనే పడుకోండి.

మానసిక వైద్యుడి దగ్గరకు పంపితే చిన్నతనంగా భావించనక్కరలేదు, కుంగుబాటు విడిగానూ రావచ్చు, ఈ జబ్బుతో కలిసీ రావచ్చు. అయితే ఆ చీటీతో మిగతా పరీక్షలు ఆగిపోతే మాత్రం అడగాలి. మనసు మరీ బరువెక్కితే టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. ఛాతీనొప్పి, కూర్చున్నా తగ్గని ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే నోటుపుస్తకం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.