స్పెయిన్ తీరానికి వీపుసంచితో: విజయవాడ, గుంటూరు నుంచి బయలుదేరేవారికి తక్కువ ఖర్చు ప్రణాళిక

యూరప్ ప్రయాణం అనగానే మన విజయవాడ, గుంటూరు ఇళ్లలో ఇప్పటికీ రెండు దారులే గుర్తుకొస్తాయి. పది రోజుల్లో ఆరేడు దేశాలు చుట్టబెట్టించే ప్యాకేజీ టూరు ఒకటి, అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న పిల్లల దగ్గరకు వెళ్లి కొన్నాళ్లు ఉండి రావడం మరొకటి. వీపుకు ఒక సంచి తగిలించుకుని, హాస్టళ్లలో బస చేస్తూ, రైళ్లలో, బస్సుల్లో తిరుగుతూ ఒక సముద్రతీరాన్ని తీరిగ్గా చూసి వచ్చే మూడో దారి కూడా ఉంది. ఆ దారిలో ఖర్చు ఎంత తగ్గుతుందనేది, మీరు చూడదలచిన ప్రాంతాన్ని ఎంత చిన్నదిగా గీసుకోగలరన్న దానిపై ఆధారపడి ఉంటుంది. "అంత డబ్బు పెట్టి వెళ్తున్నావు, పారిస్, రోమ్ కూడా చూసి రా" అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు గానీ, ఆ సలహా పాటిస్తే బడ్జెట్ తలకిందులవుతుంది. ఊరు మారిన ప్రతిసారీ టికెట్టు ఖర్చు ఉంటుంది, సగం రోజు పోతుంది, వండుకునే వీలు లేక రెండు పూటలు బయట తినవలసి వస్తుంది.

అందువల్ల స్పెయిన్ తూర్పు తీరంలోని ఒక భాగాన్ని మాత్రమే తీసుకోవాలని నా సలహా. బార్సిలోనాలో విమానం దిగి, టరగోనాలో మూడు రాత్రులు, వాలెన్సియాలో ఐదు, అలికాంటేలో ఐదు ఉండి, చివరి రాత్రి మాడ్రిడ్‌లో గడిపి అక్కడి నుంచే తిరుగు విమానం ఎక్కాలి. బార్సిలోనాలో బస పెట్టుకోకపోవడం కావాలని చేసిన నిర్ణయమే. ఈ దారిలో హాస్టల్ పడకల ధరలు అక్కడే ఎక్కువ, వాటిపై పర్యాటక పన్ను కూడా కలుస్తుంది. టరగోనా నుంచి ప్రాంతీయ రైలులో గంటకు కాస్త ఎక్కువ సమయంలో బార్సిలోనా చేరవచ్చు కాబట్టి, పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగి రావడం సులువు. పైగా టరగోనా తనంతట తానే చూడదగిన ఊరు. సముద్రానికి ఎదురుగా నిలిచిన అక్కడి రోమన్ యాంఫీథియేటర్, ఇతర ప్రాచీన కట్టడాలతో కలిసి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

కాలం విషయంలో మే నెల మనకు బాగా కలిసి వస్తుంది. విజయవాడలో ఎండ 43, 44 డిగ్రీలకు చేరే ఆ రోజుల్లో వాలెన్సియాలో పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 23, 24 డిగ్రీల దగ్గర ఉంటుంది, పిల్లలకు కళాశాల సెలవులూ ఉంటాయి. సముద్రపు నీరు మాత్రం అప్పటికి చల్లగానే ఉంటుంది. ఈత ముఖ్యమనుకునేవారికి సెప్టెంబరు మేలు. జులై, ఆగస్టు నెలల్లో యూరప్ అంతా ఈ తీరానికే వస్తుంది కాబట్టి తక్కువ ఖర్చు ప్రయాణానికి అవి పనికిరావు. దసరా సెలవులకు వెళ్లాలనుకునేవారు అక్టోబరు మొదటి వారాలకే పరిమితం కావడం మంచిది, ఎందుకంటే శరదృతువులో వేడెక్కిన మధ్యధరా సముద్రం మీదికి చల్లని పైగాలులు వచ్చినప్పుడు ఈ తీరంలో కుండపోత వానలు పడతాయి. 2024 అక్టోబరు 29న వాలెన్సియా పరిసరాల్లో వచ్చిన వరదల్లో రెండు వందల మందికి పైగా మరణించారు. అంతకు రెండు నెలల ముందే బుడమేరు వరదను చూసిన మనకు ఈ హెచ్చరికను వివరించి చెప్పనక్కరలేదు.

ఇక వీసా. చాలామంది ప్రయాణాలు ఇక్కడే ఆగిపోతాయి కాబట్టి దీనికి ఎక్కువ సమయం కేటాయించుకోండి. మీకు కావలసినది స్వల్పకాలిక షెంజెన్ వీసా, అంటే స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకుండా ఉండే అనుమతి అది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు చేసుకోవచ్చు గానీ, వేసవిలో హైదరాబాద్ వీసా దరఖాస్తు కేంద్రంలో స్లాట్లు దొరకడం కష్టం కనుక మే ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరిలోనే పని మొదలుపెట్టాలి. నిర్ణయానికి సాధారణంగా పదిహేను రోజులు పడుతుంది, ఒక్కోసారి నలభై ఐదు రోజుల దాకా సాగుతుంది. 2024 జూన్ నుంచి పెద్దవారికి రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం సేవా రుసుము అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. పాస్‌పోర్టు గడిచిన పదేళ్లలోపు జారీ అయినదై, మీరు అక్కడి నుంచి తిరిగి వచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లుబాటై, రెండు ఖాళీ పేజీలు కలిగి ఉండాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులను భరించే ప్రయాణ బీమా తప్పనిసరి.

అధికారులు అన్నిటికంటే శ్రద్ధగా చూసేది బ్యాంకు స్టేట్‌మెంట్. స్పెయిన్‌కు వచ్చేవారి దగ్గర రోజుకు వంద యూరోలకు పైగా డబ్బు ఉండాలన్నది ఆ దేశపు నియమం. మీరు అందులో సగంతో గడపగలిగినా ఖాతాలో మాత్రం ఆ మొత్తం కనిపించాలి. దరఖాస్తుకు వారం ముందు చేబదులు తెచ్చి వేసిన రెండు లక్షలు గానీ, హఠాత్తుగా జమ అయిన చిట్టీ డబ్బు గానీ అనుమానానికి తావిస్తాయి. చిట్టీ పాట డబ్బే అయితే దాని రసీదును జతచేసి, ఆ విషయాన్ని కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యంలో రాయండి. విద్యార్థులైతే తండ్రి లేదా తల్లి ఖర్చు భరిస్తున్నట్టు లేఖ, వారి ఆదాయపు పన్ను రిటర్నులు, కళాశాల ఇచ్చే అనుమతి పత్రం పెట్టాలి. ఏ తేదీన ఏ ఊళ్లో ఉంటారో రాసిన పట్టిక హాస్టల్ బుకింగులతో తేదీ తేదీకీ సరిపోవాలి, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగులనే ఎంచుకోవాలి. నకిలీ టికెట్లు తయారుచేసి ఇస్తామనే ఏజెంట్ల జోలికి అసలు వెళ్లవద్దు. ఒకసారి తప్పుడు పత్రం పెట్టినట్టు తేలితే తర్వాతి దరఖాస్తులన్నిటిపైనా ఆ మచ్చ ఉంటుంది.

విమాన టికెట్టు కొనేటప్పుడు రానుపోను ఒకే ఊరికి కాకుండా, బుకింగ్ సైట్లలో 'మల్టీ సిటీ' అనే విభాగంలో హైదరాబాద్ నుంచి బార్సిలోనాకు, మాడ్రిడ్ నుంచి హైదరాబాద్‌కు వెతకండి. గల్ఫ్ నగరాల మీదుగా వెళ్లే విమానాల్లో ఈ ఏర్పాటు చాలాసార్లు మామూలు రానుపోను టికెట్టు ధరకే దొరుకుతుంది, వచ్చిన దారినే వెనక్కి వెళ్లే రైలు ఖర్చూ తప్పుతుంది.

యూరోను 105 రూపాయలుగా వేసుకుని లెక్క చూద్దాం. హాస్టల్ గదిలో పడకకు రాత్రికి 25 నుంచి 30 యూరోలు, తిండికి 15 నుంచి 18, నగరంలో తిరగడానికి, ప్రవేశ రుసుములకు 8 నుంచి 10 అనుకుంటే రోజుకు దాదాపు 55 యూరోలు అవుతుంది. పద్నాలుగు రోజులకు 770 యూరోలు, ఊళ్ల మధ్య రైళ్లకు మరో వంద కలిపితే తొంభై వేల రూపాయలు దాటుతుంది. విమానానికి 55 నుంచి 75 వేలు, వీసాకు, బీమాకు 13 నుంచి 15 వేలు పెట్టుకుంటే మొత్తం దాదాపు ఒక లక్షా అరవై వేలకు, ఒక లక్షా ఎనభై రెండు వేలకు మధ్య తేలుతుంది. ఇది కాక 200 యూరోలు విడిగా, తాకకుండా ఉంచుకోండి. అక్కడి ఏటీఎంలోనో దుకాణంలోనో యంత్రం "రూపాయల్లో చెల్లిస్తారా, యూరోల్లోనా?" అని అడిగినప్పుడు యూరోలనే ఎంచుకోవాలి. రూపాయలు ఎంచుకుంటే మారకపు ధరను వాళ్లే నిర్ణయిస్తారు, అది మనకు నష్టం.

తిండి గురించి మనవాళ్లకు ఉండే భయంలో సగం అనవసరమైనది. వంటగది ఉన్న హాస్టల్‌ను ఎంచుకుంటే చాలు. అక్కడి సూపర్‌మార్కెట్లలో బియ్యం, ఎర్ర పప్పు, శనగలు, గుడ్లు, కూరగాయలు, చక్కెర కలపని పెరుగు అన్నీ చవకగా దొరుకుతాయి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే కొనిపెట్టుకోవాలి. ఆ బియ్యం గింజ పొట్టిగా ఉండి అన్నం కాస్త ముద్దగా వస్తుంది, పెరుగన్నానికి అది సరిగ్గా సరిపోతుంది. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి, చింతపండు పట్టుకెళ్లండి. ఆవకాయ తీసుకెళ్లాలంటే గట్టిగా మూత బిగించి చెకిన్ సామానులో పెట్టాలి, చేతిసంచిలో అనుమతించరు. మాంసం, పాల ఉత్పత్తులను ప్రయాణికులు ఐరోపా సమాఖ్యలోకి తీసుకురావడం నిషిద్ధం కనుక నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి.

రోజుకు ఒక పూట బయట తినాలనుకుంటే అది మధ్యాహ్నమే కావాలి. పనిదినాల్లో చాలా హోటళ్లలో 'మెను దెల్ దియా' పేరుతో ఒక భోజనం పెడతారు. మొదట సలాడో సూపో, తర్వాత ముఖ్యమైన వంటకం, దానితోపాటు రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర పండో తీపో, అన్నీ కలిపి 12 నుంచి 16 యూరోల మధ్య ఉంటుంది. ఒంటిగంటన్నరకు గానీ అక్కడ భోజన వేళ మొదలు కాదు. శాకాహారులు 'మాంసం లేకుండా' అని మాత్రమే చెబితే సరిపోదు. పంది మాంసపు ముక్కలను చాలామంది మాంసం కింద లెక్కపెట్టరు, చేపను సరేసరి. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" (మాంసం వద్దు, పంది మాంసం వద్దు, చేప వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పాలి. గుడ్డు తినేవారికి బంగాళదుంపల ఆమ్లెట్టు ఎక్కడైనా దొరుకుతుంది.

వాలెన్సియాకు ఐదు రాత్రులు ఎందుకన్న ప్రశ్నకు కృష్ణా డెల్టా మనుషులకు ప్రత్యేకమైన జవాబు ఉంది. ఊరికి దక్షిణాన అల్బుఫెరా అనే సరస్సు చుట్టూ వరి పండిస్తారు. మేలో వెళ్తే మళ్లకు నీళ్లు పెట్టి విత్తనం చల్లే సమయం, సెప్టెంబరులో వెళ్తే కోతల కాలం. నగర బస్సులోనే అక్కడికి వెళ్లి రావచ్చు. ప్రసిద్ధమైన పాయెల్యా ఆ బియ్యంతో, కోడి, కుందేలు మాంసాలతో, చిక్కుళ్లతో పుట్టిన వంటకం. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి వాలెన్సియా ప్రధాన చర్చి ద్వారం దగ్గర రైతుల నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. కాలువ నీటి తగాదాలను రైతుల ప్రతినిధులే నల్లని అంగీలు ధరించి, నోటిమాటగా విని, అక్కడికక్కడే తీర్పు చెబుతారు. 2009లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఒక్కోసారి ఫిర్యాదు ఏదీ లేక నిమిషాల్లో ముగిసిపోవచ్చు, అయినా వెళ్లండి, చూడటానికి రుసుము లేదు. ఊరి మధ్య నుంచి పారిన తూరియా నది 1957లో పొంగి ఊరిని ముంచేశాక, నదిని ఊరి బయటకు మళ్లించారు. పాత నదీగర్భం ఇప్పుడు కిలోమీటర్ల పొడవున సాగే తోట. వంతెనలు అలాగే ఉన్నాయి, వాటి కింద నారింజ చెట్లు, పిల్లల ఆటస్థలాలు ఉన్నాయి.

వాలెన్సియా నుంచి అలికాంటేకు నేరుగా వెళ్లే రైలు రెండు గంటల్లో చేరుస్తుంది. ఒక రోజు మొత్తం వెచ్చించగలిగితే మాత్రం తీరం వెంబడి వెళ్లమని గట్టిగా చెబుతాను. ముందుగా లోకల్ రైలులో గంట ప్రయాణం చేసి గాందియాలో దిగాలి. అక్కడి నుంచి దెనియాకు రైలు మార్గం లేదు, బస్సు ఎక్కాలి. దెనియా నుంచి బెనిదోర్మ్ వరకు, అక్కడ బండి మారి అలికాంటే వరకు, సన్నని పట్టాల మీద చిన్న రైలు నడుస్తుంది. కాల్ప్ దగ్గర సముద్రంలోంచి నిటారుగా లేచిన 332 మీటర్ల ఇఫాక్ శిల కిటికీలోంచి కనిపిస్తుంది. తర్వాత కొండ సొరంగాల్లోంచి బయటపడగానే నీలి గుమ్మటాల చర్చితో అల్తెయా వస్తుంది. వెళ్లే దిశలో ఎడమ వైపు కూర్చోండి, సముద్రం ఆ వైపే ఉంటుంది. ఈ బండ్లు తరచుగా ఉండవు కాబట్టి సమయాలు ముందురోజే చూసుకోవాలి, దెనియాకు మధ్యాహ్నంలోపు చేరేలా బయలుదేరాలి.

డబ్బు మిగులుతుందని బీచ్‌లో గుడారం వేసుకుని పడుకోవాలని కొందరు అనుకుంటారు. స్పెయిన్‌లో సముద్రతీరం ప్రజల ఆస్తి, ఏ బీచ్‌కైనా ఉచితంగా వెళ్లవచ్చు గానీ, అక్కడ గుడారం వేయడాన్ని 1988 నాటి తీర చట్టం నిషేధించింది, జరిమానా పడుతుంది. సముద్రం మన సూర్యలంక కంటే ప్రశాంతంగా కనిపించినా ఎర్రజెండా ఎగిరిన రోజు నీళ్లలోకి దిగకూడదు. బార్సిలోనా మెట్రోలో, రాంబ్లా వీధిలో జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టును హాస్టల్ లాకరులో పెట్టి నకలు దగ్గర ఉంచుకోండి, లాకరుకు తాళం మీరే తీసుకెళ్లాలి. అత్యవసరానికి 112 నంబరు.

సంచి 40 లీటర్లకు మించనవసరం లేదు. మన ఫోన్ ఛార్జర్ల రెండు గుండ్రని పిన్నులు అక్కడి సాకెట్లలో పడతాయి, మూడు పిన్నుల ప్లగ్గులు పట్టవు. కుళాయి నీరు తాగవచ్చు కాబట్టి ఒక సీసా ఉంటే నీళ్ల ఖర్చు ఉండదు.

అలికాంటే నుంచి మాడ్రిడ్‌కు పోటీపడి నడిచే చవక హైస్పీడ్ రైళ్లున్నాయి. తేదీ ఖాయమైన వెంటనే కొంటే ధర బాగా తక్కువగా ఉంటుంది, చివరి వారంలో రెట్టింపు కావచ్చు. వీసా చేతికి వచ్చాకే వీటిని కొనండి, చవక టికెట్లకు డబ్బు వెనక్కి రాదు. మాడ్రిడ్‌లోని చమార్టిన్ స్టేషన్ నుంచి విమానాశ్రయం నాలుగో టెర్మినల్‌కు లోకల్ రైలు వెళ్తుంది, అక్కడి నుంచి మిగతా టెర్మినళ్లకు ఉచిత బస్సు ఉంటుంది. శంషాబాద్‌లో దిగాక విజయవాడ బస్సుకు కనీసం నాలుగు గంటల వ్యవధి ఉండేలా టికెట్టు తీసుకోండి, ఇమిగ్రేషన్ వరుసలో ఆలస్యమైనా బస్సు తప్పిపోదు.