విల్లు పిడి, లింబులు చెక్కడం: నేను పాటించే వరస

చెక్క బాగా ఎండింది, వీపు ఒకే వార్షిక వలయం మీద శుభ్రమైంది అనుకుని మొదలుపెడుతున్నాను. వీపంటే గురి వైపు ఉండే ముఖం. లాగినప్పుడు సాగేది అదే కాబట్టి దాని మీద ఇక పనిముట్టు పెట్టొద్దు. తీసే చెక్కంతా పక్కల నుంచి, పొట్ట (విల్లు లాగేవాళ్ల వైపు ఉండే ముఖం) వైపు నుంచి మాత్రమే.

28 అంగుళాలు లాగేవాళ్లకి నేను 66 నుంచి 68 అంగుళాల పొడవు ఉంచుతాను. నడుమ 4 అంగుళాలు పిడి, దానికి అటూ ఇటూ 2 అంగుళాల చొప్పున వాలు. లింబు అంటే పిడికి అటూ ఇటూ వంగే చేయి. దాని వెడల్పు సగం దూరం దాకా 2 అంగుళాలకు కాస్త తక్కువగా వచ్చి, అక్కణ్ణుంచి కొస దగ్గర అర అంగుళానికి తగ్గుతుంది. ముందు ఈ కొలతలకు గీసుకున్న గీత దాకా పక్కలు తీసేయండి. తర్వాత లింబు మందం ముప్పావు అంగుళం దగ్గర ఆపండి. పిడి మాత్రం ప్రస్తుతానికి మొద్దుగానే ఉండనివ్వండి. అందంగా చెక్కాలని అందరికీ చెయ్యి దురద పెట్టేది అక్కడే, కానీ దాని వంతు చివర్న.

ఓపికంతా వాలు మీద పెట్టండి. పిడి దగ్గర విల్లు వంగకూడదు, లింబు వంగాలి. ఈ రెండూ కలిసే చోట మెట్టులా కోస్తే ఒత్తిడంతా ఆ మూలలోనే పడి విరుగుతుంది. కాబట్టి పిడి నుంచి లింబులోకి వంపు తెగకుండా జారాలి. ఇంకో చిన్న విషయం: లింబు పూర్తి వెడల్పుకు చేరాకే మందం పూర్తిగా తగ్గాలి. లేకపోతే సన్నగానూ పల్చగానూ ఉన్న చోటు ఒకటి తయారై, మొదట అక్కడే మడత పడుతుంది. ముడులుంటే వాటి చుట్టూ చెక్క కాస్త ఎక్కువ వదలండి.

ఇక వంపు సరిచేయడం, అదే టిల్లరింగ్. మొదట కొసను నేలకు ఆనించి నొక్కి, రెండు లింబులూ ఇంచుమించు ఒకేలా వంగుతున్నాయో లేదో చూస్తాను. తర్వాత పొడుగు తాడు కట్టి, పిడిని గోడకున్న మొద్దు మీద పెట్టి, కప్పీ మీదుగా కొద్దికొద్దిగా లాగుతాను. కొంచెం గీకిన ప్రతిసారీ ఇరవై ముప్పై సార్లు మెల్లగా లాగి వదలాలి. తీసిన చెక్క ప్రభావం అప్పటిగ్గానీ కనపడదు. మీరనుకున్న బరువు (విల్లు పూర్తిగా లాగడానికి పట్టే బలం) దాటి మాత్రం ఎప్పుడూ లాగొద్దు.

కంటికి అందని తేడాకి నాకో చెక్కముక్క ఉంది. ఆరు అంగుళాల చదును ముక్క, నడుమ రంధ్రం, అందులో పెన్సిల్. విల్లు వంగి ఉండగా దీన్ని పొట్ట మీద పెడితే రెండు చివర్లూ తగులుతాయి, నడుమ సందు మిగులుతుంది. ఎక్కువ వంగిన చోట, సందు పెద్దగా ఉన్నచోట, పెన్సిల్ మొన తగిలీ తగలనట్టు బిగించి లింబు పొడవునా జరపండి. పెన్సిల్ గీత పడిన చోటల్లా లింబు బిగుసుగా ఉన్నట్టు. గీత మీదే గీకండి. ఆకురాయి కాదు, స్క్రేపర్. గీత పడని చోటు ముట్టుకోవద్దు, చేయి ఊరుకోదని తెలిసినా సరే.

వంపు కుదిరాక చిన్న తాడు వేసి, పిడికీ తాడుకీ మధ్య 6 అంగుళాలు ఉండేలా బిగిస్తాను. కింది లింబు పైదానికంటే కాస్త గట్టిగా ఉండేలా చూస్తాను. పూర్తి లాగు దాకా వెళ్లేది నెమ్మదిగానే. బాణం లేకుండా తాడు వదిలితే ఇంత పనీ ఒక్క దెబ్బకి పోతుంది.

ఇప్పుడు పిడి. పిడికిలి బిగించి, వేళ్లు ఎక్కడ ఆనుతున్నాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. వెడల్పు ఒకటింపావు అంగుళం దాకా తగ్గించి, అంచులు గుండ్రం చేయండి. బాణం ఆనే వైపు ఇంకాస్త లోపలికి తీయొచ్చు, కానీ ఆ తీత వాలులోకి పాకనివ్వొద్దు. లింబుల అంచులు కూడా ఇప్పుడే గరుకు కాగితంతో మొండి చేయండి. పదునుగా ఉన్న అంచు నుంచే చెక్క పేడు లేవడం మొదలవుతుంది.